ఎండిన కందెన

900 రూపాయలకు వచ్చిన కెమెరా అది. సిరోంచలో ఎప్పుడో మూతపడ్డ ఒక ఫోటో స్టూడియో సామాను అమ్ముతున్నారంటే వెళ్లాను. గోడకు చుట్టి పెట్టిన తాజ్‌మహల్ తెర, గొడుగు లైట్లు, దువ్వెన గూటితో ఉన్న నిలువుటద్దం, వాటి మధ్య రెగ్జిన్ సంచీలో ఈ కెమెరా. 1970ల నాటి జపాన్ సరుకు. లెన్సు విప్పి వేరేది తొడిగే వీలు లేని, చిన్నదే అయినా చేతికి బరువు తెలిసే రేంజ్‌ఫైండర్. మీట నొక్కితే షట్టరు టిక్కుమంది. అద్దాల్లో బూజు లేదు. కంటికి ఆనిస్తే మధ్యలో పసుపు మచ్చ కనిపించింది. ఫోకస్ రింగు మాత్రం రాయిలా ఉంది.

"జరంత టైటు గంతే సార్. వాడుతాంటె అదే వదులైతది" అన్నాడు అమ్మినతను.

ఇంటికొచ్చి రెండు చేతులా పట్టి తిప్పాను. కదిలింది. సంతోషపడబోయి చూస్తే కదిలింది రింగు కాదు, లెన్సు మొత్తం. లోపల దాన్ని పట్టి ఉంచే బిగింపు ఎక్కడో సడలి, గొట్టమంతా ఒంట్లో ఊగుతోంది. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మా పెద్దబాపు అప్పుడు నోరు విప్పాడు: "జోరు జేయకు బిడ్డా. కందెన ఎండినట్టుంది. బండి ఇరుసు గిట్ల పట్టేస్తె ఎడ్లను కొడ్తమా? చక్రం గుంజి, తుడిసి, మల్ల కొత్తది పెడ్తం."

ఆయన జన్మలో కెమెరా విప్పి ఎరగడు. కానీ ఆ మాటలో ఈ అధ్యాయానికి కావలసినదంతా ఉంది. ఎందుకో చెప్పడానికి మాత్రం నాకు చాలా పేజీలు పడుతున్నాయి.

సిరోంచ గురించి రెండు ముక్కలు. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. పడమట ప్రాణహిత, దాని ఆవల తెలంగాణ. కిందికి దిగితే గోదావరి. తాలూకాకు తూర్పు అంచున ఇంద్రావతి, ఆవల ఛత్తీస్‌గఢ్. 1860 నుంచి 1874 దాకా ఇది ఇంగ్లీషువాళ్ల 'అప్పర్ గోదావరి' జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ తరవాత చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో ఒక తాలూకా. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేసినప్పుడు ఇందులోకి వచ్చింది. కాగితం మరాఠీలో నడుస్తుంది, బేరం తెలుగులో నడుస్తుంది. వైశాఖం వస్తే నీడపట్టున కూడా 45 డిగ్రీలు. పుష్యమాసపు తెల్లవారుజామున నది మీంచి వచ్చే చలికి గొంగడి చాలదు. ఈ ఎండా ఈ చలీ తరవాత మనకు పనికొస్తాయి.

ముందు ఆ పసుపు మచ్చ సంగతి. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూయండి. వేలు పక్కకు దూకుతుంది. అల్లంత దూరాన ఉన్న చెట్టు దూకదు. దూకుడు ఎంతో కొలిస్తే దూరం ఎంతో తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాకు కూడా రెండు కళ్లు ఉంటాయి, ముందు వైపు పై అంచున రెండు చిన్న కిటికీలు. ఒకదానిలోంచి నేరుగా చూస్తాం. రెండోదానిలోంచి వచ్చే బొమ్మను లోపలి అద్దం ఒకటి తిప్పి, మొదటి బొమ్మ మధ్యలో పసుపు మచ్చగా అతికిస్తుంది. మనిషి ముక్కు రెండుగా కనబడుతుంది. రింగు తిప్పుతూ పోతే రెండు ముక్కులూ జరిగి జరిగి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు.

కిటికీల మధ్య దూరం 50 మిల్లీమీటర్లు అనుకుందాం. మీటరు దూరంలో ఉన్న మనిషిని ఆ రెండు కిటికీలూ చూసే చూపుల మధ్య కోణం దాదాపు 2.9 డిగ్రీలు. 10 మీటర్ల దూరానికి అది 0.29 డిగ్రీలకు పడిపోతుంది. అద్దం తిరగవలసింది అందులో సగమే, ఎందుకంటే అద్దం ఒక డిగ్రీ తిరిగితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. దూరపు వస్తువుల దగ్గర రేంజ్‌ఫైండర్ తడబడేది ఇందుకే. పునాది పొడవు పెరిగితే తడబాటు తగ్గుతుంది. 1954లో వచ్చిన లైకా ఎం3లో కిటికీల మధ్య దూరం 68.5 మిల్లీమీటర్లు, దాని పేరు ఇప్పటికీ మోగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇదే కిటుకును మైళ్ల కొద్దీ పునాదితో చేస్తే దాన్ని సర్వే అంటారు. దేశాన్ని త్రిభుజాలుగా కోసి కొలిచిన లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాదు నుంచి నాగపూరు వైపు పోతూ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆ ఊరి పక్కన పారే వెనా నది వార్ధాలో కలుస్తుంది, వార్ధా వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, ఆ నీళ్లే సిరోంచ ముందు నుంచి పోతాయి. ఆయన సహాయకుడు ఎవరెస్టు అంతకు కొన్నేళ్ల ముందే కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచం పట్టి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ దాకా పోవలసి వచ్చింది. అరచేతి పెట్టెలో ఇరుక్కున్న త్రిభుజానికి వెనక అంత కథ ఉంది. 1932లో లైకా, కాంటాక్స్ కెమెరాల్లో ఈ త్రిభుజాన్ని లెన్సు రింగుకు జోడించారు. అంతకుముందు ఎక్కువగా దూరం ఒక పరికరంతో కొలిచి, ఆ అంకె చూసి లెన్సు తిప్పుకునేవాళ్లు. జోడించాక రింగు తిప్పడమే కొలవడం అయింది.

ఇక రింగు. అది తిప్పినప్పుడు లోపల జరిగేది ఒకటే, లెన్సు ఫిల్ముకు దూరంగా ముందుకు జరుగుతుంది. ఎంత జరుగుతుంది? 45 మిల్లీమీటర్ల లెన్సుకు లెక్క కడదాం. 45ను 45తో గుణిస్తే 2025. వస్తువు దూరంలోంచి, మిల్లీమీటర్లలోనే, 45 తీసేసి ఆ వచ్చినదానితో 2025ను భాగించాలి. 10 మీటర్లకు 0.2 మిల్లీమీటరు. 5 మీటర్లకు 0.4. రెండు మీటర్లకు ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఈ రకం కెమెరాలు చాలావాటిలో అతి దగ్గరి హద్దు అయిన 80 సెంటీమీటర్లకు 2.7. కంటికి ఆనని దూరం నుంచి చాపమీద ఎదురుగా కూర్చున్న మనిషి దాకా లెన్సు చేసే ప్రయాణమంతా మూడు మిల్లీమీటర్ల లోపే. అందులోనూ సగానికి పైగా చివరి రెండు మీటర్ల కోసమే ఖర్చవుతుంది. పెళ్లి ఫోటోగ్రాఫరు పెళ్లికూతురి ముఖం దగ్గరికి వచ్చినకొద్దీ రింగు ఎక్కువెక్కువ తిప్పడానికి కారణం ఇదే.

ఈ మూడు మిల్లీమీటర్ల పని చేసేది హెలికాయిడ్. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, రెండింటికీ మర చుట్లు. మామూలు బోల్టుకు నట్టు బిగించినట్టే, ఒక తేడాతో. రింగు మూడోవంతు చుట్టు తిరిగేసరికి లెన్సు 2.7 మిల్లీమీటర్లు పోవాలి, అంటే పూర్తి చుట్టుకు 8 మిల్లీమీటర్లు. ఒకే గాడితో అంత ఏటవాలు మర చేస్తే పట్టు ఉండదు, గొట్టం లోపల ఊగులాడుతుంది. అందుకని ఒక గాడి బదులు ఐదో ఆరో ఎనిమిదో గాళ్లు పక్కపక్కనే మొదలై కలిసి చుట్టుకుంటూ పోతాయి. ఆవకాయ సీసా మూత గుర్తుచేసుకోండి: ఎటు పెట్టి తిప్పినా ఏదో ఒక గాడి అందుకుంటుంది, పావు తిప్పుకే బిగుస్తుంది. సీసా మూతకు ఏ గాడి అందుకుందన్న పట్టింపు లేదు. కెమెరాకు ఉంది. ఈ విషయం నాకు పుస్తకంలో చదివినప్పుడు తెలిసింది. అర్థమయింది మాత్రం తరవాత, ప్రాణహిత ఒడ్డున.

ఆ గాళ్ల మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. అందులో ఉండేదే గ్రీజు. జారడానికే అయితే పలచని నూనె చుక్క చాలు కదా, గ్రీజు ఎందుకు? రింగు జారకుండా ఉండటానికి. ఇది చాలామందికి తెలియని సంగతి. ఫోకస్ రింగు వేలితో తిప్పితే తిరగాలి, వేలు తీస్తే ఆగాలి, మెడలో ఊగుతున్నా తనంతట తాను జరగకూడదు. మంచి కెమెరా రింగు తిప్పుతుంటే తేనెలో గరిటె తిప్పినట్టుంటుంది. ఆ సుఖం లోహానిది కాదు, గ్రీజుది. రెండు గోడల మధ్య చిక్కని ద్రవం ఉంటే ఒక గోడను ఎంత వేగంగా జరపబోతే అది అంతగా ఎదురు తిరుగుతుంది. మెల్లగా జరిపితే ఊరుకుంటుంది. సందు ఎంత ఇరుకైతే ఎదురు అంత ఎక్కువ.

ఇందులోంచి ఒక ఉచిత పరీక్ష పుడుతుంది. పట్టేసిన రింగును ముందు చాలా నిదానంగా తిప్పి చూడండి. నిదానంగా తిప్పితే వచ్చి, తొందరపెడితే బిగిసిందంటే లోపల గ్రీజు ఇంకా ద్రవంగానే ఉంది, చిక్కబడిందంతే. ముందు కదలనని మొరాయించి, బలం పెరగ్గానే టక్కున దూకి, మళ్లీ ఆగిందంటే అక్కడ ద్రవం లేదు, పొడి రాపిడి ఉంది. పాత తలుపు కిర్రుమనడంలో ఉన్నదీ ఈ ఆగడం దూకడమే. నా కెమెరా రెండో రకం.

మరి ద్రవం ఏమైంది?

గ్రీజును చిక్కటి నూనె అనుకుంటాం. అది పొరపాటు. గ్రీజు అంటే నూనె పీల్చుకున్న స్పాంజి. స్పాంజి పని చేసేది సబ్బు. మనం ఒళ్లు తోముకునే సబ్బు సోడియంతో అవుతుంది; గ్రీజు సబ్బు ఎక్కువగా లిథియంతోనో కాల్షియంతోనో అవుతుంది. ఆ సబ్బు కంటికి కనబడని సన్నని పోగులై, కొబ్బరి పీచులా అల్లుకుని, సందుల్లో నూనె పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పడ్డప్పుడు కాస్త నూనె వదులుతుంది. రాపిడి తగ్గించేది ఆ వదిలిన నూనే, పీచు దాని గిడ్డంగి మాత్రమే.

మా పెద్దబాపు కాలపు బండి కందెన కూడా అచ్చం ఇదే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరేవాళ్లు. వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసుకునేవాళ్లు. ఉత్త ఆముదం పోస్తే ఇరుసు మీంచి కారిపోతుంది. మసి దాన్ని పట్టి నిలుపుతుంది. ఆయన చిన్నతనంలో ఆలాపల్లి అడవి నుంచి టేకు దుంగలు మోసిన బండ్ల వెనక పోతే దారి పొడుగునా ఆ కమురు వాసన వచ్చేదట.

ఇంకో చిత్రం చూడండి. ఇవాళ దుకాణంలో దొరికే లిథియం గ్రీజులో సబ్బు ఎక్కువగా 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం అనే పదార్థంతో చేస్తారు. అది వచ్చేది ఆముదం నుంచే. ఆముదానికి హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచి, దాన్ని విడగొట్టి తీస్తారు. ప్రపంచంలో ఆముదం పంటలో మొదటి దేశం మనదే. ఎడ్లబండి ఇరుసులో నూనెగా ఉన్న గింజ జపాన్ వాడి కెమెరా గ్రీజుకు పీచుగా చేరిందన్నమాట. 'క్యాస్ట్రాల్' అనే ఇంజనాయిల్ పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు క్యాస్టర్‌లోంచి వచ్చిందే. మొదట్లో ఆ నూనెలో ఆముదం కలిసేది.

సరే, స్పాంజిలోంచి నూనె పోవడానికి దారులు రెండు. ఒకటి కారిపోవడం. ఇది మీరే ఇంట్లో చూడవచ్చు. నేను చేశాను. మే నెలలో పాత దినపత్రిక కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టాను: సైకిల్ షాపులోంచి తెచ్చిన గ్రీజు, వాజలీను, ఇంట్లో కలిపిన ఆముదం మసి, పోస్టులో తెప్పించిన హెలికాయిడ్ గ్రీజు. అరుగు మీద ఒక పగలు వదిలేశాను. సాయంత్రానికి వాజలీను పెట్టిన చోట చుక్కే లేదు, అరచేతి మందాన కాగితం అద్దంలా మెరుస్తోంది. సైకిల్ గ్రీజు చుట్టూ రూపాయి బిళ్లంత నూనె వలయం. ఆముదం మసి చుట్టూ దానికంటె పెద్దది. హెలికాయిడ్ గ్రీజు చుట్టూ గోరు మందం. మరునాడు సైకిల్ గ్రీజు చుక్కను వేలితో నలిపితే పొడిబారిన మైనంలా తగిలింది. ఒక్క రోజులో కాగితం చేసిన పని లెన్సులో లోహపు సందులు 50 ఏళ్లలో చేస్తాయి.

రెండో దారి నూనె చెడటం. గాలిలోని ఆక్సిజన్ నూనె అణువులను మెల్లమెల్లగా పట్టి, వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. వంటింట్లో నూనె సీసా అంచున జిగటగా, గోకినా రాని పొర కడుతుంది చూడండి, అదే. అన్ని నూనెలకూ ఈ జబ్బు ఒకే తీరుగా ఉండదు. రసాయన శాస్త్రంలో అయోడిన్ సంఖ్య అని ఒక కొలత ఉంది; అది ఎక్కువైనకొద్దీ నూనె తొందరగా గడ్డకట్టి పొర అవుతుంది. అవిసె నూనెకు 170 పైన, అందుకే దాన్ని రంగుల్లోనూ వార్నిష్‌లోనూ కలుపుతారు. నువ్వుల నూనెకు 110 చుట్టుపక్కల. ఆముదానికి 85. కొబ్బరినూనెకు 10 లోపో, అటూ ఇటూగానో.

"అయితే కొబ్బరినూనె చుక్క వేస్తే సరి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ స్టూడియో వాళ్లలో ఎవరో అన్నారనే నా అనుమానం, విప్పినప్పుడు లోపల ఆ వాసనే వచ్చింది. కొబ్బరినూనె పొర కట్టదు, నిజమే. కానీ 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. పుష్యమాసంలో సిరోంచలో తలకు రాసుకునే సీసా తెల్లవారాక ఎండలో పెడితే గాని కారదు. అదే సీసా లెన్సులో ఉన్నట్టు ఊహించుకోండి. వేసవిలోనేమో అది నీళ్లలా పలచబడి, పోకూడని చోటికల్లా పోతుంది. కుట్టుమిషను నూనె కథా ఇంతే, పేరుకోవడం తప్ప. వేసిన వారం రింగు వెన్నలా తిరుగుతుంది. పండగ వారం రోజులే.

పోకూడని చోటు అంటే షట్టరు రేకులు. చెప్పదలచిన అసలు మాట ఇదే: రింగు పట్టేయడమూ రేకులు జిడ్డుగా ఉండటమూ రెండు జబ్బులు కావు, ఒకే నూనె చేసిన రెండు తప్పులు. ఉండవలసిన చోటు విడిచి, రాకూడని చోటికి వచ్చింది. కాగితం లేని చోట సన్నని సందే కాగితం. దీపంలో వత్తి నూనె లాక్కున్నట్టు, ఒకదాని మీద ఒకటి ఆనుకున్న పలచని ఉక్కు రేకులు నూనెను లాక్కుంటాయి. సెకనులో 500వ వంతులో తెరుచుకుని మూసుకోవలసిన రేకులు తడి కాగితాల్లా అంటుకుంటాయి. అందుకని పాత కెమెరా కొనేటప్పుడు రింగు బిగుసుగా ఉంటే వెంటనే లెన్సులోకి టార్చి వేసి రేకులు చూడండి. పొడిగా, మసక నలుపులో ఉంటే నూనె ఇంకా గొట్టం దాటలేదు. మెరుస్తుంటే బేరం సగానికి దించవచ్చు.

రింగు బిగుసుకోవడానికి గ్రీజు ఒక్కటే కారణం కాదు. తిప్పినంత మేరా ఒకే రకంగా బిగువుంటే గ్రీజు. ఒక్క చోటే పట్టి, ఆ చోటు దాటాక హాయిగా తిరిగితే అది దెబ్బ: కెమెరా ఎప్పుడో కింద పడి గొట్టం గుండ్రం తప్పింది. ముందు అంచున సొట్ట ఉందేమో గోరుతో తడిమి చూడాలి. పొద్దున బిగిసి మధ్యాహ్నం వదులైతే మళ్లీ గ్రీజే, ఇంకా ప్రాణముంది. మామూలు ఖనిజ నూనె 40 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటె 10 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. రింగు హాయిగా తిరుగుతూ పసుపు మచ్చ మాత్రం కదలకపోతే తప్పు లెన్సులో లేదు, పైన రేంజ్‌ఫైండర్ చెయ్యి దాని కీలు దగ్గర పట్టేసింది.

ఇక గరగర. అది ఇసుక. చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే వినబడుతుంది. ప్రాణహిత ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, గట్టిదనపు కొలతలో 7. ఇత్తడి, అల్యూమినియం రెండూ 3 చుట్టుపక్కలే. మెత్తని లోహాల మధ్య ఒక్క రేణువు పడితే చాలు, తిప్పిన ప్రతిసారీ గాడి పక్కన ఇంకో గాడి గీస్తుంది. ఈ ఇసుకకు వంశవృక్షం కూడా ఉంది. సిరోంచ చుట్టూ ఉన్నవి గోండ్వానా కాలపు రాళ్లు. నది ఒడ్డున కోట అనే ఊరి పేరు మీద ఒక రాతి పొరకే పేరు పెట్టారు. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గర తవ్వి ఒక మహాకాయపు రాక్షసిబల్లి ఎముకలు తీశారు. తొడ ఎముక ఒక్కటే మనిషి నిలువు. పెద్ద కాలు అని బెంగాలీలో అర్థం వచ్చేలా, టాగోర్ పేరు కూడా కలిపి దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు, 1975లో. ఇప్పుడది కలకత్తాలో నిలబడి ఉంది. మన ఊరి ఎముకలు చూడటానికి మనం అంత దూరం పోవడం నాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది. అది వేరే అధ్యాయం.

ఎండకు లోహం వ్యాకోచించి పట్టేసి ఉండదా అని ఒక లెక్కల మాస్టారు అడిగారు. మంచి ప్రశ్న, లెక్క వేద్దాం. హెలికాయిడ్‌లో చాలాసార్లు ఒక గొట్టం ఇత్తడిది, ఒకటి అల్యూమినియంది. ఒకే లోహం, ముఖ్యంగా అల్యూమినియం మీద అల్యూమినియం, రాసుకుంటే ఒకదాన్నొకటి కొరికి అతుక్కుంటాయి. గొట్టం అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు, చలికాలానికీ ఎండాకాలానికీ తేడా 35 డిగ్రీలు అనుకుంటే అల్యూమినియం 0.040 మిల్లీమీటరు పెరుగుతుంది, ఇత్తడి 0.033. తేడా 0.007. అల్యూమినియం లోపలుంటే సందు అంతమేర ఇరుకవుతుంది. బిగువు కాస్త తెలుస్తుందేమో గాని రాయి కావడానికి అది చాలదు. అయితే ఎండ నేరం ఇంకొకటి ఉంది, నూనెను పలచబరిచి తరిమేసేది అదే. రింగు వదులవుతుందని కెమెరాను మేడ మీద ఎండబెట్టేవాళ్లున్నారు. పాత లెన్సుల్లో రెండు అద్దాలను అతికించే బంక కొన్నిటిలో చెట్టు జిగురే. వేడికి అది మెత్తబడి అద్దాలు పక్కకు జరిగితే ఇక ఏ రింగూ అక్కర్లేదు.

విప్పాను. రింగు అంచున ఉన్న మూడు బుల్లి స్క్రూలు వదులు చేస్తే అంకెల పట్టీ ఊడి వచ్చింది. దాని కింద హెలికాయిడ్. విడదీసే ముందు రెండు గొట్టాల మీదా సూదితో గీత గీయాలి, విడిపోయే క్షణంలో ఎక్కడున్నాయో గుర్తుకు. గీశాను. గాళ్ల నిండా గోధుమ రంగు మైనం. ఇత్తడి వైపు అంచుల్లో ఆకుపచ్చ. నూనె చెడితే కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అవి ఇత్తడిలోని రాగితో కలిసి రాగి సబ్బు అవుతాయి, దాని రంగే ఆ పచ్చ. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచితే వచ్చే చిలుము దీనికి చుట్టం. పాత జర్మన్ ఆగ్ఫా సిలెట్, ఐసొలెట్ కెమెరాలు ఈ పచ్చ గ్రీజుకు పేరు పడ్డాయి. వాటిలో అది బంకలా గట్టిపడి ముందు అద్దాన్ని కదలనివ్వదు.

గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే వైట్ పెట్రోలు, పాత టూత్‌బ్రష్, అగ్గిపుల్ల కొస చెక్కి చేసిన చెక్క సూది. సామాను ఇంతే. వాకిట్లో, గాలి ఆడే చోట, పెద్దబాపును బీడీ పారేయమని బతిమాలి కడిగాను. ముఖ్యం ఏమిటంటే కడిగేది విడదీసిన గొట్టాలను. విప్పకుండా బయటి నుంచి పెట్రోలు పోస్తే ఎండిన మైనం కరిగి, పలచబడి, నేరుగా రేకుల మీదికే పోతుంది. పెట్రోలు ఆరిపోయాక రేకుల మీద బంక మిగులుతుంది. రింగు బాగుచేయబోయి షట్టరు చంపుకునే దారి అది. మూడుసార్లు కడిగాక గుడ్డకు మరక అంటడం మానేసింది. ఆవగింజంత హెలికాయిడ్ గ్రీజు మూడు చోట్ల పెట్టి, పుల్లతో గాళ్ల వెంట పరిచాను. పెద్దబాపుకు అది చాలలేదు. "గింతనా? పిసినారోనివి" అన్నాడు. బండి కందెన పొంగి కారితే దుమ్ము బయటే ఆగుతుంది. అక్కడ అది గుణం. ఇక్కడ పొంగినదంతా రేకుల మీద పడుతుంది.

గీతకు గీత కలిపి తిప్పాను. అందుకుంది. తేనెలో గరిటె. అంకెల పట్టీ తొడిగి, స్క్రూలు బిగించి, సాయంత్రం రేవుకు పోయాం. వెనక తలుపు తెరిచి ఫిల్ము ఉండే చోట ట్రేసింగ్ కాగితం అతికించి, షట్టరు తెరిచిపెట్టి, రింగు అనంతం గుర్తు మీద ఉంచాను. కాగితం మీద ఆవలి ఒడ్డు తలకిందులుగా, స్పష్టంగా పడాలి. ఒట్టి మసక. చెట్లూ ఇసుకా నీళ్లూ అన్నీ ఒకే ముద్ద. అడ్డంగా వచ్చి నిలబడ్డ పెద్దబాపు మాత్రం, మీసం వెంట్రుకలతో సహా, తలకిందులుగా నిలబడ్డాడు.

ఆయన నాకు దగ్గరదగ్గర మీటరున్నర దూరంలో ఉన్నాడు. ఇసుకలో పుల్లతో లెక్క వేశాను. ఈ హెలికాయిడ్‌కు గాళ్లు ఆరు. పూర్తి చుట్టుకు 8 మిల్లీమీటర్లు. ఒక గాడి తప్పి పక్క గాడిలో ఎక్కిస్తే గొట్టం 1.33 మిల్లీమీటర్లు ఎడంగా నిలుస్తుంది. 2025ను 1.33తో భాగించి 45 కలిపితే 1568. మీటరున్నర చిల్లర. పసుపు మచ్చలోంచి చూస్తే అదీ ఆ మాటే చెప్పింది: రెండు పెద్దబాపులు ఒకటయ్యారు, రెండు ఒడ్లు కలవలేదు. ఈ కెమెరాలో రేంజ్‌ఫైండర్ చెయ్యి లెన్సు గొట్టం వెనక అంచునే తాకుతుంది కనుక అది లెన్సు నిజంగా ఎక్కడుందో చూస్తుంది, అంకెలు ఏం చెబుతున్నాయో చూడదు. నేను గీసిన గీత విడిపోయిన క్షణానిది కాదు, విడిపోయాక ఆరోవంతు చుట్టు తిరిగినప్పటిది.

మర్నాడు పొద్దున మళ్లీ మూడు స్క్రూలు. ఈసారి ఆరు గాళ్లనూ వరసగా ప్రయత్నిస్తూ, ఒక్కొక్కటీ ఎక్కించినప్పుడల్లా పట్టీ తొడిగి వీధి చివర నీళ్ల ట్యాంకు చూసుకుంటూ పోయాను. మొదటిది కాదు. రెండోది కాదు. నాలుగోదానికి ట్యాంకు నిచ్చెన మెట్లు కాగితం మీద ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టుకోవడానికి వచ్చాయి.